రోహ్రూ అనడానికి పళ్లు అక్కర్లేదు

ఏప్రిల్ 9, 2011

లేదు, చెమట కొంచెం కూడా పట్టదు. నుదుటి మీద పట్టదు, చంకల్లో పట్టదు, పరుగెత్తినా పట్టదు. చెమట లేకుండానే పుట్టాను. పళ్లు నాలుగే, అవీ మేకుల్లా ఉంటాయి. జుట్టు పలుచన. ఎవరూ అడగలేదులే. అడగకముందే ఒకసారి రాసిపెడితే పని అయిపోతుందని.

చెమట పట్టకపోతే ఏమవుతుంది అంటారు అందరూ. మంచిదే కదా, బట్టలు వాసన రావు కదా అంటారు. ఒళ్లు లోపలే కాగుతుంది. కుక్కర్‌కైతే ఈల ఉంటుంది. నాకు అది కూడా లేదు. ఎండ ముదిరితే జ్వరం, జ్వరం ముదిరితే కళ్లు తేలేయడం. ఏడో తరగతిలో బడి మానేశాను. రేకుల కింద మధ్యాహ్నం క్లాసులో రెండుసార్లు పడిపోయాక సారే ఇంటికి పంపించేశాడు. తర్వాత చదివిందంతా అమ్మ పొట్లాలు విప్పి ఇచ్చిన పేపర్లే.

ఈ రోజు దవాఖానలో డాక్టరమ్మ నాయినతో కోపంగా చెప్పింది.

"ఎండాకాలంలో వీణ్ణి హైదరాబాద్‌లో ఉంచకండి. చల్లగా ఉండే ఊరు చూసుకోండి. మీ రూము పైన రేకులేనా?"

నాయిన తల ఊపాడు. "చల్లటి ఊరంటే ఏ ఊరు మేడం?"

"ఊటీ, సిమ్లా... అట్లాంటివి."

బయటికొచ్చాక నాయిన నవ్వాడు. "ఊటీల మనకు మేనత్త ఉన్నదారా? పోంగనే కాళ్లకు నీళ్లిచ్చేతందుకు?" ఆ తర్వాత నవ్వలేదు. నా తల మీది తడి తువ్వాల సర్ది, చైతన్యపురి వరకు ఆటో మాట్లాడాడు. మామూలుగా అయితే నడిచేవాళ్లం.

ఏప్రిల్ 11

నా పేరు గురించి. నాకు ముందు ఇద్దరు అన్నలు. ఇద్దరూ ఎండాకాలంలోనే పోయారు. అప్పుడు ఎవరికీ తెలియదు, జ్వరం అనుకున్నారు. నేను పుట్టగానే నానమ్మ నన్ను చాటలో పడుకోబెట్టి పక్కింటామెకు ఇచ్చేసి, మళ్లీ గుప్పెడు నూకలు పోసి కొనుక్కుందట. అడుక్కొచ్చిన పిల్లాణ్ణి ఎవరూ ఎత్తుకుపోరని. అందుకే భిక్షపతి.

నూకలకు కొన్నదాన్ని ఎంత జాగ్రత్తగా దాస్తారో అమ్మను చూస్తే తెలుస్తుంది.

ఏప్రిల్ 12

కరెంటు లేదు. తడి గోనె కప్పుకుని ఉన్నాను. తర్వాత రాస్తా.

ఏప్రిల్ 17

నాయిన కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ. అక్కడ పడేసిన ఆపిల్ అట్టపెట్టెలు తెస్తే, అమ్మ వాటిని విప్పి రేకుల కింద సుతిలి తాడుతో కట్టింది, వేడి దిగకుండా. ఇప్పుడు పడుకుంటే నాకు పైన కనపడేదంతా ఆపిల్ అట్టలే. ఒక్కో దాని మీద తోట యజమాని పేరు, ఊరు, సెల్ నంబరు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. కోట్‌ఖాయీ. జుబ్బల్. నార్కండ. రోహ్రూ.

"నాయినా, ఆపిల్ యాడ కాస్తది?"

"సల్లగుండే కాడ. గా డ్రైవర్లు చెప్తరు, ఎండ జాస్తి అయితే ఆపిల్ చెట్టు కాయనే కాయదంట."

అంటే అదీ నాలాంటిదే.

మాది కింద, మేడ గోడకు ఆనించి వేసిన రేకుల రూము. ఇంటి ఓనరు సాంబమూర్తి గారు మేడ పైన. ఆయనది ఆంధ్ర వైపు నర్సీపట్నం. రిటైరయ్యాడు, ఒక్కడే ఉంటాడు. అట్టలు కడుతుంటే వచ్చి చూశాడు.

"ఏవిటమ్మా యాదలక్ష్మీ, ఇంటికి చొక్కా తొడుగుతున్నావా?"

"ఔ సారూ. మీరు స్లాబు ఏస్తలేరని మేమే ఏస్కుంటున్నం" అంది అమ్మ.

ఆయన మెట్లెక్కుతూ దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికి అట్లా దగ్గుతాడు.

ఏప్రిల్ 20

నేను మాట్లాడితే ఎదుటివాళ్లు "ఆ?" అంటారు. పళ్లు లేని చోట గాలి పోతుంది. "స" అంటే ఈల, "త" అంటే తుప్పర. అందుకే మాట్లాడను. మెసేజ్ అయితే ఎవరూ "ఆ?" అనరు.

నా సెల్ నుంచి నార్కండ నంబరుకు హిందీలో మెసేజ్ పెట్టాను. నమస్తే, మీ ఊళ్లో చిన్న రూముకు కిరాయి ఎంత, ఎండ ఎంత.

వెంటనే జవాబు వచ్చింది. "ఎవడివిరా నువ్వు? నేను ఢిల్లీ పండ్ల మండీలో ఉన్నా. ఇక్కడ మెదడు ఉడుకుతోంది. చల్లటి రూము దొరికితే నాకూ చెప్పు."

నాయినకు చూపిస్తే పడీ పడీ నవ్వాడు. "అట్ట మీది పేరుకు లోపలి కాయకు సంబంధం ఉండదురా బిడ్డా. ఒక్కో అట్టకు నాలుగు పెండ్లిళ్లయితయి. ఈడ సంత్రలు, ఆడ మామిడికాయ."

నేను ఇన్నాళ్లూ పైకి చూస్తూ ఊళ్లు ఎంచుకుంటున్నాను, అవేమో ఉత్త అట్టలు.

ఏప్రిల్ 21

అయినా మిగతా నంబర్లకూ పంపాను. ఊరికే. ఎక్కడికో పోవాలని ఏం కాదు.

ఏప్రిల్ 28

రోహ్రూ నుంచి జవాబు వచ్చింది. పేరు నేగి. వయసు చెప్పలేదు కానీ నన్ను బేటా అన్నాడు.

"హైదరాబాద్ నుంచా? మా ఊరు నీకెట్లా తెలుసు?"

"మా ఇంటి కప్పు మీద ఉంది" అని పంపాను.

తర్వాత, "ఈ ఊళ్లో నది ఉంది. మేలో కూడా పొద్దున నీళ్లలో చెయ్యి పెడితే కొరుకుతుంది. సిమ్లాలో టూరిస్టుల కిరాయిలు, నువ్వు కట్టలేవు. ఇక్కడ పని చేసేవాడికి గది దొరుకుతుంది. నీకేం పని వచ్చు?"

నాకేం పని వచ్చు? జవాబు పెట్టలేదు.

కానీ ఒకటి కనిపెట్టాను. రోహ్రూ. రో-హ్రూ. పళ్లు అక్కర్లేదు. నాలుక చాలు. సిమ్లా అనలేను, దిల్‌సుఖ్‌నగర్ అనలేను, ఆఖరికి నా పేరు కూడా సరిగ్గా అనలేను. రోహ్రూ మాత్రం అద్దం ముందు ఎన్నిసార్లు అన్నా శుభ్రంగా వస్తోంది.

మే 3

నాయిన చల్లటి ఊరు దొరికిందన్నాడు. కిరాయి లేదు, పైగా వాళ్లే ఎదురు జీతం ఇస్తారట. ఎక్కడ అంటే బాటసింగారం అన్నాడు.

అమ్మ నవ్వింది. "ఎల్బీనగర్ దాటి జరంత పోతే మంచు పడ్తదా ఏంది?"

"పడ్తది. లోపట పడ్తది." విజయవాడ రోడ్డు పక్కన కోల్డ్ స్టోరేజీ. మార్కెట్ ఆపిళ్లు, చింతపండు అందులో పెడతారు. లోపల మీటరు ముల్లు చూసి ఎంత చలి ఉందో చెప్పడానికి ఒక మనిషి కావాలట. ఎవరూ గంట కంటే ఎక్కువ లోపల ఉండలేరు.

స్వెట్టర్ కోసం అమ్మ నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లింది, పొద్దున్నే, ఎండ రాకముందు. కొట్టతను మమ్మల్ని కిందికీ మీదికీ చూశాడు.

"ఏందమ్మా, మే నెలల స్వెట్టరా? పోరనికి జరమా?"

"జరం రావద్దనే తీస్కుంటున్నం. మంకీ టోపీ గూడ తియ్యి. సీజన్ కాదు గద, సగం ధరకియ్యి."

"సీజన్ కాదు గాబట్టే అటక ఎక్కి దింపాలె. డబుల్ ఇయ్యాలె నువ్వు."

"ఎక్కు, నిచ్చెన నేను వట్టుకుంటా" అని అమ్మ నిజంగానే నిచ్చెన పట్టుకుంది. అతను నవ్వి సగానికి ఇచ్చాడు.

మే 5

కోల్డ్ స్టోరేజీ బాల్‌రాజ్ గారిది. వాళ్లు అక్కడి పాత పటేళ్లు. నాయిన నన్ను చూపిస్తే, "ఏంది లచ్చయ్యా, కొడుకును ఫ్రిజ్‌ల వెడ్తవా?" అన్నాడు. "మా తాత గీ భూమిల జొన్నలేసిండు, నేను చలి ఏసిన. పో పోరగా, లోపటికి పో. పారిపోతవ్ అర్ధగంటల."

పారిపోలేదు.

తలుపు అరచేయి మందం కాదు, మూర మందం. మూసుకుంటే టప్ అని కాదు, బుస్స్ అని మూసుకుంటుంది. లోపల కిటికీలు లేవు. గోడల నిండా ఆపిల్ పెట్టెలు. స్వెట్టర్, టోపీ, గోనె. చెయ్యి నుదుటి మీద పెట్టుకుంటే నుదురు చల్లగా ఉంది. మే నెలలో నా నుదురు చల్లగా ఉండటం నాకు గుర్తు లేదు. కొంచెం ఏడ్చాను. కళ్లల్లోనూ నీళ్లు సరిగ్గా రావు నాకు, మండుతాయంతే.

మే 6

బాగుంది.

మే 9

బాగుంది. మార్కెట్ వ్యానులో పొద్దున వస్తాను, చీకటి పడ్డాక పోతాను. పగలు ఎట్లా ఉంటుందో మర్చిపోతున్నాను. బాగుంది.

మే 22

బయట నలభై మూడు అని చెప్పారు. ఇద్దరు హమాలీలు చల్లదనానికి లోపలికొచ్చి కూర్చున్నారు.

"నీదే బతుకురా భిక్షపతీ. రాజా బతుకు."

కాసేపయ్యాక వణుకుతూ బయటికి పరుగెత్తారు. తలుపు మూసుకుంది. బుస్స్.

జూన్ 14

దగ్గు తగ్గడం లేదు. అమ్మకు చెప్పలేదు. చెప్తే కోల్డ్ స్టోరేజీ వద్దంటుంది. వద్దంటే రేకులు.

బయట వానలు మొదలయ్యాయి. ఇప్పుడు నేను లోపల ఉండాల్సిన పని లేదు. బయట కూర్చుని కూడా ముల్లు చూడటానికి మాత్రం లోపలికి వెళ్లొచ్చు. కానీ లోపలే ఉంటున్నాను. బయట హమాలీలు, డ్రైవర్లు, అందరూ ఏదో ఒకటి అడుగుతారు. లోపల ఆపిళ్లు ఏమీ అడగవు.

జూన్ 15

లోపల సిగ్నల్ ఉండదు. బయటికి రాగానే నేగి మెసేజులు రెండు మూడు ఒకేసారి పడతాయి. చెట్టు మీద పిందెలు ఎంతయ్యాయో రాస్తాడు. నాకేం పని వచ్చో నిన్న చెప్పాను. "చలిలో కూర్చోవడం వచ్చు." ఆయన నవ్విన గుర్తు పంపాడు. "మా ఊళ్లో అందరికీ వచ్చిన పని అదే."

జూలై 5

తెలంగాణ బంద్. వ్యాను రాలేదు. నిన్న సాయంత్రం పోవాల్సింది, లోడు ఆలస్యమై ఇక్కడే ఉండిపోయాను. రోడ్డంతా టైర్లు కాలుస్తున్నారట. వాచ్‌మన్ రొట్టె పెట్టాడు. నాయిన ఎల్బీనగర్ చౌరస్తాలో ఉంటాడు, హమాలీ సంఘం వాళ్లతో.

తలుపు సందు దగ్గర నిలబడితే "జై తెలంగాణ" వినపడింది. లోపలికి పోతే వినపడదు. మళ్లీ సందు దగ్గరికి వచ్చాను. నాకూ అనాలనిపించింది. "జై" వరకు బాగానే వస్తుంది. తర్వాత "తె".

జూలై 6

బంద్ రెండో రోజు. లోపలే.

జూలై 7

ఇంటికొచ్చాను. నాయిన గొంతు పోయింది అరిచి అరిచి. ఇంట్లో ఇద్దరం మాట్లాడలేనివాళ్లం. అమ్మ ఒక్కతే రెండు రోజుల మాటలూ మాట్లాడింది.

నాయిన నా దగ్గు విన్నాడు. సైగ చేశాడు, ఎప్పటి నుంచి అని. నిన్నటి నుంచే అని సైగ చేశాను.

జూలై 30

నేగి మెసేజ్ కాదు, ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. మోగుతూనే ఉంది. అమ్మ ఎత్తేసింది.

"హలో, కౌన్ బోల్రే?... హా, భిక్షపతి కీ అమ్మీ బోల్రీ... సేబ్ వాలే? అరే, మీ డబ్బాలే మా ఇంటి మీద ఉన్నయి భాయ్!"

ఆమె హిందీ, ఆయన హిందీ వేరే వేరే. అయినా ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఎండలు కొడతాయా, జొన్నరొట్టె దొరుకుతుందా, చలికి ముసలివాళ్లు ఏం చేస్తారు. అన్నీ అడిగింది. చివరికి, "ఎంత దూరం భాయ్?... రెండు రోజులు రైలా! ఆ మీద బస్సా! అమ్మమ్మో, గంత దూరం ఎవరొస్తరు? దేవుడు పిలిస్తెనే రావాలె."

ఫోన్ పెట్టేసి నాకు చెప్పింది. "మంచి మనిషి. ఆపిల్ రేటు కోసం చేసిండు గావచ్చు. నాయినకు చెప్పు."

చెప్తానన్నాను. నేను పోతానని నేనేం అనలేదు. ఒక్కడినే పోవాలని నాకు లేదు. అమ్మ లేకుండా నా ఒంటి మీద నీళ్లు ఎవరు పోస్తారు? అంత చలిలో ఎవరూ పోయక్కర్లేదు అనుకో.

ఆగస్టు 16

సాంబమూర్తి గారు కిందికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"లచ్చయ్యా, వీడి దగ్గు పైకి వినపడుతోందయ్యా. ఆ చలి గోడౌనులో పెట్టి చంపేస్తావా ఏం? మా నర్సీపట్నం పైన, కొండెక్కితే చింతపల్లి. మా అక్కగారి ఇల్లుంది అక్కడ. ఆవిడ పోయి ఏడాది. ఇల్లు ఊరికే బూజు పడుతోంది. మే నెలలో కూడా రాత్రి దుప్పటి కావాలి. నలుగురూ తెలుగే మాట్లాడతారు. మీరు ముగ్గురూ పోయి ఉండండి. అద్దె మాట ఎత్తకు."

నాయిన తల గోక్కున్నాడు. "సారూ, మీరు మంచి మాటే చెప్తున్నరు. గని మేం గీడ చౌరస్తల నిలబడి మా రాష్ట్రం మాకియ్యిండ్రి అని లొల్లి వెడ్తున్నం. గా మాట అన్న నోటితోని పోయి మీ తాన ఇల్లు వట్టుకుంటే, నలుగురు మొకాన ఉమ్మెయ్యరా?"

"ఉమ్మేస్తే నువ్వు తుడుచుకుంటావు. పిల్లాడికి చెమటే పట్టదు, వాడేం తుడుచుకుంటాడయ్యా?"

సాంబమూర్తి గారు వెళ్లిపోయాక అమ్మ గిన్నెలు గట్టిగా కడిగింది.

"ఏందే? గిన్నెల మీద ఎందుకు కోపం?"

"గిన్నెలకు చెప్తే ఇంటయని."

చింతపల్లి. అద్దం ముందు అన్నాను. చిం దగ్గరే గాలి పోయింది. "త" దగ్గర తుప్పర పడింది. నాయిన వద్దన్నది మంచిదే. నాకూ వద్దు.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణిలో బొగ్గు తవ్వడం లేదట. బొగ్గు లేకపోతే కరెంటు లేదు.

నాయిన అన్నాడు, "జర ఓర్సుకో బిడ్డా. తెలంగాణ వస్తే గీ కరెంటు తిప్పలుండయి."

ఓర్చుకోవడం నాకు వచ్చిన రెండో పని.

సెప్టెంబర్ 19

బస్సులు కూడా బంద్. లారీలు రావడం లేదు. బాల్‌రాజ్ గారు జనరేటర్‌కు డీజిల్ దండగ అని ఉన్న సరుకంతా ఒక్క గదిలోకి చేర్చి, మిగతావి బంద్ చేశాడు. తలుపులు బార్లా తెరిచారు. నేను కూర్చునే గదిలోకి మొదటిసారి ఎండ పడింది. చాలా చిన్న గది. నేను పెద్దది అనుకున్నాను.

"సమ్మె అయినంక రా పోరగా" అన్నాడు.

సెప్టెంబర్ 20

నేగి మెసేజ్. "సీజన్ అయిపోవచ్చింది. కానీ చలికాలం కొమ్మలు కత్తిరించే పని ఉంటుంది, నేర్పిస్తాను. స్టోరు మీద గది ఖాళీ. కిరాయి వద్దు, ఆవుకు గడ్డి వెయ్యి చాలు. మంచు పడితే కొన్ని రోజులు దారి మూసుకుపోతుంది. భయపడే వాళ్లయితే రావొద్దు. వస్తే ఇప్పుడే రా."

నాకు తెలుసు ఇది ఎవరికీ చూపించనని.

సెప్టెంబర్ 23

నిన్న రాయలేదు. రాసే స్థితిలో లేను. గుర్తున్నంత రాస్తాను.

పొద్దున నుంచి కరెంటు లేదు. వానాకాలం పోయే ముందు ఎండ మంటలా ఉంది. అమ్మ బియ్యం కోసం పోయింది, నాయిన చౌరస్తాలో. కుండలో నీళ్లు ఒంటి మీద పోసుకున్నాను, అయిపోయాయి. మోటారు లేదు కాబట్టి కుళాయి లేదు. పైన అట్టలు చదువుతూ పడుకున్నాను. అక్షరాలు కదిలాయి. సాంబమూర్తి గారిని పిలుద్దామనుకున్నాను. ఆయన పేరులో మొదటి అక్షరమే నాకు రాదు. చెంబుతో గోడ మీద కొట్టాను.

ఆయన నన్ను మెట్ల మీద ఎట్లా ఎక్కించాడో తెలియదు. డెబ్బై ఏళ్ల మనిషి. కళ్లు తెరిస్తే ఆయన బాత్రూంలో ఉన్నాను. డ్రమ్ములో పట్టిపెట్టుకున్న నీళ్లు చెంబుతో పోస్తున్నాడు, తిడుతున్నాడు.

"మీ నాన్న తెలంగాణ తెస్తాడో లేదో గానీ, నువ్వు మాత్రం నా వారం నీళ్లు అవగొట్టేశావు. కదలకు. కదలకూ అంటే! ఏవిటా నవ్వు? పళ్లు నాలుగుంటే నాలుగూ చూపించాలా?"

నాకు నవ్వొచ్చిన మాట నిజం.

నాయిన వచ్చేసరికి నేను ఆయన మంచం మీద తడి దుప్పట్లో ఉన్నాను. నాయిన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు, కిరాయి ఇచ్చినా మెట్ల దగ్గరే ఇచ్చేవాడు. సాంబమూర్తి గారు ఆయన్ని చూసి ఖాళీ డ్రమ్ము చూపించాడు.

ఇంట్లోకి తెచ్చాక అమ్మ నాయినతో అంది, "ఇద్దరు పోయిన్రు. అప్పుడు తెల్వక పోయిన్రు. గిప్పుడు తెలిసి గూడ పోతే ఏమందాం? ఏ రాష్ట్రంల రాసుకుందాం?"

నాయిన గోడ వైపు తిరిగాడు.

సెప్టెంబర్ 24

నాయిన పొద్దున మార్కెట్‌కు పోలేదు, చౌరస్తాకూ పోలేదు. రైలు రోకో అట ఈ రోజు. అందరూ వచ్చి పిలిచారు. "ఒంట్ల మంచిగ లేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం నేను వినలేదు ఎప్పుడూ.

నా వల్లే. నేను ఈ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నాయిన అటూ పోలేడు, ఇటూ పోలేడు. అమ్మ కుండ దగ్గర నుంచి కదలలేదు. లోపల ఉన్నది నేనొక్కడినే అనుకున్నాను.

అందుకే నేగికి పంపించాను. "వస్తున్నాను. భయపడను."

వాళ్ల కోసమే పంపాను.

సెప్టెంబర్ 25

అది అబద్ధం. నిన్న రాసింది. సగం అబద్ధం. ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాస్తే నిజం ఎక్కడ రాస్తాను? నాకు పోవాలని ఉంది. ఒక్కడినే పోవాలని ఉంది. ఏప్రిల్ నుంచీ ఉంది. నా నుదుటి మీద పొద్దస్తమానం ఎవరి చెయ్యీ ఉండని చోట. "వాడు ఎట్లున్నడు" అని నన్ను కాకుండా పక్కవాళ్లను ఎవరూ అడగని చోట. ఆవుకు గడ్డి వేయడం ఎవరైనా చేస్తారు. అది నేను చేసి, చేశానని చెప్పుకోవాలని ఉంది.

సాయంత్రం ఇది జరిగింది.

నాయిన స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మెడలో తెలంగాణ జేఏసీ కండువా ఉంది. మెట్ల దాకా వెళ్లి ఆగాడు. కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. ఒక మెట్టు ఎక్కాడు. ఆగాడు. మళ్లీ తీసి మెడలో వేసుకున్నాడు. వేసుకునే ఎక్కాడు.

నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. అమ్మ నా వెనక నిలబడి చూస్తోంది. పైనుంచి మాటలు వినపడ్డాయి.

"సారూ, గా చింతపల్లి..."

"తాళం బల్ల మీద పెట్టి నెల దాటిందయ్యా. దుమ్ము తుడుచుకుని తీసుకో. కండువా బానే ఉంది, అక్కడ చలికి పనికొస్తుంది. కాకపోతే బస్సులో తీసి సంచీలో పెట్టు. మావాళ్లకీ నోళ్లున్నాయి."

"గా ముచ్చట నాకెరికే సారూ. ఈడ మావోళ్లకు లేవా?"

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత టీ గ్లాసుల చప్పుడు వచ్చింది. ఆ ఇంట్లో నాయిన టీ తాగడం ఇదే మొదలు.

కిందికి దిగి అరచేయి తెరిచాడు. తుప్పు పట్టిన పెద్ద తాళంచెవి. అమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

"సమ్మె అయిపోంగనే పోదాం, ముగ్గురం" అన్నాడు నాయిన. "గాడ కాఫీ తోటలున్నయంట. బస్తాలు మోసుడు యాడైన ఒక్కటే. ఎవడన్న ఏమన్న అంటే అననీ. ఇగ నిన్ను ఒక్కన్ని ఏ రూముల కూసోవెట్ట బిడ్డా. ఇగ జిందగీ మొత్తం నా కండ్ల ముంగటనే ఉండాలె నువ్వు."

చెయ్యి తీసి నా నుదుటి మీద పెట్టాడు.

"సల్లగున్నది" అన్నాడు అమ్మతో. నవ్వాడు. ఏప్రిల్ తర్వాత నాయిన అట్లా నవ్వడం చూడలేదు.

జేబులో ఫోన్ కదిలింది. వాళ్లు తాళంచెవి చూసుకుంటుంటే తీసి చూశాను. నేగి. "శభాష్. గది ఊడ్పించాను. ఏ రైలు?"

అమ్మ ఇప్పుడే దుప్పట్లు మూట కడుతోంది, సమ్మె ఎప్పుడు అయిపోతుందో తెలియకుండానే. నాయిన సుతిలి తాళ్లు విప్పి అట్టలు దింపుతున్నాడు, సామాను వాటిలో సర్దడానికి. రేపు పొద్దున అడుగుతాడు, ఖుషేనా బిడ్డా అని. అడగకుండా ఉండడు.

మీ నాయిన మీ కోసం ఆ మెట్లు ఎక్కి దిగాక, నేను ఒక్కన్నే పోతా అని ఆయన ముఖం చూసి చెప్పగలరా మీరైతే?